బడికింత, పిల్లవాడికింత: స్కూల్ గ్రాంటు ఏ లెక్కన ఇస్తే మేలు?

ఒక బడిలో 38 మంది పిల్లలు. ఇంకో బడిలో 412 మంది. రెండింటికీ గేటు ఒకటే, నీళ్ల మోటారు ఒకటే, ఆఫీసు గది ఒకటే, రికార్డులు పెట్టుకునే బీరువా ఒకటే. చిన్న బడిలో మోటారు కాలిపోయినా, పెద్ద బడిలో కాలిపోయినా వైండింగ్ చేయించడానికి అయ్యే ఖర్చులో తేడా ఉండదు. మెకానిక్ "మీ స్ట్రెంగ్త్ ఎంత సార్?" అని అడిగి బిల్లు రాయడు కదా. సుద్దముక్కలు, పరీక్ష పేపర్లు, ఫినాయిల్, చీపుర్లు మాత్రం పిల్లలు పెరిగేకొద్దీ పెరుగుతాయి.

బడి నిర్వహణకు ప్రభుత్వం డబ్బు ఏ లెక్కన ఇవ్వాలన్న తగువంతా ఈ రెండు రకాల ఖర్చుల దగ్గరే మొదలవుతుంది. పిల్లలతో పాటు పెరిగేవి కొన్ని, పిల్లలు ఎంతమంది ఉన్నా కదలనివి కొన్ని. తలకు ఎంత ఇవ్వాలన్నది అందరూ అడుగుతారు. తలల లెక్కకు లొంగని ఖర్చు ఎంత అన్నది అడిగేవాళ్లు తక్కువ. నా ఉద్దేశంలో ముందు అడగాల్సింది రెండోదే.

జీతాలు, కొత్త భవనాలు, మధ్యాహ్న భోజనం ఇక్కడ పక్కన పెడుతున్నాను. కరెంటు, నీళ్లు, శుభ్రత, చిన్నచిన్న మరమ్మతులు, స్టేషనరీ, బోధన సామగ్రి, ఇంటర్నెట్ లాంటి రోజువారీ ఖర్చుల సంగతే ఇది. బడి యాజమాన్య కమిటీలో ఉన్నవాళ్లు, సంఘం తరఫున అభిప్రాయం రాసి ఇవ్వాల్సిన టీచర్లు, ఫార్ములా తయారుచేసే కమిటీల్లో కూర్చునేవాళ్లు, నాలుగైదు బడులకు డబ్బు సర్దే ట్రస్టులవాళ్లు, వీళ్లందరి ముందూ ఉండేవి దాదాపు ఈ దారులే.

బడికింత

అన్నిటికంటే తేలిక ఇదే. ప్రతి బడికీ ఒకే మొత్తం. లెక్క తప్పే అవకాశం లేదు, దొంగ లెక్క రాసే అవసరం అంతకన్నా లేదు. ఎంత రావాలో కమిటీలో చదువురాని తల్లికి కూడా నోటికి ఉంటుంది. ఈ సుగుణాన్ని చాలామంది తక్కువ చేసి చూస్తారు కానీ అది చిన్నది కాదు.

మన దేశంలో సర్వశిక్షా అభియాన్ కాలంలో స్కూల్ గ్రాంటు ఇలాగే వచ్చేది. ప్రాథమిక స్థాయికి ఏడాదికి 5,000 రూపాయలు, ప్రాథమికోన్నత స్థాయికి 7,000. మరమ్మతులకు గదుల సంఖ్యను బట్టి వేరే గ్రాంటు, టీచరుకు 500 రూపాయల చొప్పున బోధన సామగ్రికి మరో గ్రాంటు ఉండేవి. ఆ 7,000ను మన రెండు బడులకూ పంచి చూడండి. 38 మంది ఉన్నచోట తలకు 184 రూపాయలు పడుతుంది. 412 మంది ఉన్నచోట 17 రూపాయలు. 17 రూపాయలతో ఒక పిల్లవాడికి ఏడాది పొడవునా ఏం చేయగలరో పెద్ద బడి హెచ్‌ఎంని అడిగితే తెలుస్తుంది.

బడులన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటే ఈ పద్ధతిని మార్చాల్సిన పని లేదు. అలా ఉండడం అరుదు.

స్లాబులు

బడికింత అంటే పెద్ద బడులు ఒప్పుకోవు, పిల్లవాడికింత అంటే చిన్న బడులు ఒప్పుకోవు. మధ్యేమార్గంగా స్లాబులు పుట్టాయి. 2018లో వచ్చిన కేంద్ర పథకం సమగ్ర శిక్ష పాత గ్రాంట్లను కలిపి కాంపోజిట్ స్కూల్ గ్రాంటు చేసింది. 2021లో సవరించిన లెక్క ప్రకారం 30 మంది దాకా 10,000 రూపాయలు, 31 నుంచి 100 దాకా 25,000, 101 నుంచి 250 దాకా 50,000, 251 నుంచి 1,000 దాకా 75,000, అంతకు మించితే లక్ష. అందులో కనీసం 10 శాతం శుభ్రతకు ఖర్చు పెట్టాలి.

పైకి చూస్తే న్యాయంగానే ఉంటుంది. కాగితం తీసుకుని భాగిస్తే కథ మారిపోతుంది. 31 మంది ఉన్న బడిలో తలకు 806 రూపాయలు. అదే స్లాబులో 100 మంది ఉన్న బడిలో 250. ఇంకొక్క పిల్లవాడు చేరి 101 అయ్యారంటే ఒక్కసారిగా 495. నాలుగో స్లాబు అన్నిటికంటే పొడుగు. 251 మంది ఉన్నచోట తలకు 299 పడితే, 1,000 మంది ఉన్నచోట 75 పడుతుంది. ఒకే స్లాబులో ఒక బడికి, దానికి నాలుగింతలున్న బడికి ఒకే చెక్కు.

అసలు చిక్కు గీత దగ్గర ఉంది. స్ట్రెంగ్త్ 101 ఉన్న బడిలో ఒక కుటుంబం వేరే ఊరు వెళ్తూ టీసీ అడిగితే, ఆ ఒక్క సంతకంతో 25,000 పోతుంది. హెచ్‌ఎంకు టెన్షన్ ఎందుకు ఉండదు? "లెక్క తీసే తేదీ దాటాక ఇస్తాను, కాస్త ఆగమ్మా" అనే మాట అక్కడే పుడుతుంది. వెళ్లిపోయిన పిల్లవాడి పేరు ఇంకో నెల హాజరు పట్టీలో ఉండిపోవడమూ అక్కడే మొదలవుతుంది. అది తప్పే, కానీ ఒక్క పేరుకు 25,000 ముడిపెట్టిన లెక్క ఆ తప్పుకు ఎదురొచ్చి దారి చూపిస్తోంది.

స్లాబులే ఉండాలని పైనుంచి పట్టుబడితే, ఆదాయపు పన్ను స్లాబుల్లా పెట్టమని అడగండి. అక్కడ ఆదాయం గీత దాటితే, దాటిన మేరకే కొత్త రేటు పడుతుంది. ఇక్కడా మొదటి 30 మందికి ఒక రేటు, ఆ తర్వాతి 70 మందికి ఇంకాస్త తక్కువ రేటు, ఆపైన ఇంకా తక్కువ, ఇలా కూడుకుంటూ పోతే గీత దగ్గర గుంతలు ఉండవు. ఒక్క టీసీతో పోయేది ఒక్క పిల్లవాడి వాటా మాత్రమే. కంప్యూటర్లో కట్టే లెక్కే కాబట్టి కష్టమేమీ లేదు. అయినా దీన్ని ఎందుకు వాడరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పిల్లవాడికింత

ఇదే అసలు తలసరి గ్రాంటు. ఇది ఎక్కడినుంచి వచ్చిందో తెలిస్తే దీని బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. చాలా దేశాల్లో ఇది ఫీజుకు బదులుగా వచ్చింది. ఉగాండా 1997లో, కెన్యా 2003లో, ఘనా 2005లో ప్రాథమిక బడుల్లో ఫీజులు ఎత్తేశాయి. అప్పటిదాకా బడి నడిచింది పిల్లల ఫీజు మీదే. ఆ ఫీజు తలకింత అని వసూలయ్యేది కాబట్టి, దాని స్థానంలో ప్రభుత్వం ఇచ్చే డబ్బు కూడా తలకింత అయింది. కెన్యాలో అప్పుడు పెట్టింది పిల్లవాడికి ఏడాదికి 1,020 షిల్లింగులు. అందులో 650 పుస్తకాలకు, 370 మిగతా నిర్వహణకు. రెండింటికీ వేరువేరు బ్యాంకు ఖాతాలు.

దీని బలం ఒకే మాటలో చెప్పొచ్చు: డబ్బు పిల్లవాడి వెంట వెళ్తుంది. కొత్త పిల్లలు వచ్చి చేరుతున్న బడికి వాళ్లతో పాటే డబ్బూ వస్తుంది. ఫీజులు పోయి బడులు ఒక్కసారిగా కిక్కిరిసిన చోట వేరే ఏ లెక్కా ఇంత త్వరగా సర్దుకోలేదు. పెద్ద బడికి ఇందులో అన్యాయం జరగదు.

చిన్న బడికి మాత్రం ఇది ఉరితాడు. 38 మంది తలసరి డబ్బు మోటారుకే చాలదు. అంతకన్నా ప్రమాదం, పిల్లలు తగ్గుతున్న బడిది. 40 మందిలో 10 మంది వెళ్లిపోతే గ్రాంటులో పావు భాగం పోతుంది, ఖర్చులో మాత్రం పావు తగ్గదు. పగిలిన పంపు పగిలినట్టే ఉంటుంది, మరుగుదొడ్డికి తాళం పడుతుంది. అది చూసి ఇంకో ఐదుగురు తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పిస్తారు. మరుసటి ఏడాది గ్రాంటు ఇంకా తగ్గుతుంది. ఇలా రెండు మూడేళ్లు గడిస్తే బడి మూసేయడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు.

ఏ రోజు తలలు లెక్కపెడతారు?

తలసరి అనగానే అందరూ రేటు గురించే మాట్లాడతారు. ఎన్ని తలలు, ఏ రోజు తలలు అన్నదాని మీద అంతకంటే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. ఈ పోలిక మొత్తంలో జనం తేలిగ్గా వదిలేసే విషయం ఇదే కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

ఒక పద్ధతిలో ఏడాదిలో ఒక రోజు నిర్ణయించి, ఆ రోజు రికార్డులో ఎన్ని పేర్లుంటే అన్ని లెక్కిస్తారు. ఇంగ్లండులో అక్టోబరు మొదటి గురువారం నాటి జనగణన మీదే బడుల వాటా నిర్ణయమవుతుంది. సులువే, కానీ ఆ గురువారం తర్వాత చేరినవాళ్లకు ఆ ఏడాదికి డబ్బు రాదు. పనుల కోసం కుటుంబాలు వలస వెళ్లే ప్రాంతాల్లో ఏ రోజు ఎంచుకున్నారన్నదాని మీదే ఏడాది భవిష్యత్తు ఆధారపడుతుంది.

రెండో పద్ధతి సగటు హాజరు. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సస్ రాష్ట్రాలు ఇలాగే ఇస్తాయి. పేరు రాసి పిల్లలు రాని బడికి డబ్బెందుకు అన్నది వాదన. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఎక్కువ గైర్హాజరు ఎవరి పిల్లలది? జబ్బులతో, పనులతో, తమ్ముణ్ని ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే పేద పిల్లలదే. అంటే ఏ బడికి ఎక్కువ అవసరమో ఆ బడికే కోత పడుతుంది. పైగా 40 మంది క్లాసులో ఆరుగురు రాకపోతే ఫ్యాను తక్కువ తిరగదు. ఆ ఆరుగురి ఇళ్లకు వెళ్లి పిలుచుకురావడానికి టీచరుకు అదనపు పనే పడుతుంది, దానికి డబ్బు మాత్రం తగ్గుతుంది.

నన్నడిగితే నిర్వహణ ఖర్చుకు రికార్డులోని సంఖ్యే తీసుకోవాలి, ఒక్క రోజుది కాకుండా ఏడాదిలో రెండు తేదీల సగటు తీసుకోవాలి. ఆ రెండు తేదీల్లో ఒకటి ముందుగా చెప్పకుండా తనిఖీ చేస్తే దొంగ పేర్లు చాలావరకు రాలిపోతాయి. పిల్లలు తగ్గుతున్న బడికి ఒక్కసారిగా దెబ్బ తగలకుండా గత మూడేళ్ల సగటును ఆసరాగా ఇవ్వాలి. హాజరు లెక్కనే నమ్ముకున్న కాలిఫోర్నియా కూడా 2022 నుంచి ఈ ఏడాది లెక్క, గత ఏడాది లెక్క, గత మూడేళ్ల సగటు, వీటిలో ఏది ఎక్కువైతే అది తీసుకోవడం మొదలుపెట్టింది.

కొంత బడికి, మిగతాది పిల్లవాడికి

మొదట్లో చెప్పిన రెండు రకాల ఖర్చుల్నీ ఒప్పుకునే పద్ధతి ఇది. ప్రతి బడికీ కదలని ఖర్చుల కోసం ఒక మూలమొత్తం, ఆపైన తలసరి.

మన రెండు బడుల్లో కలిపి 450 మంది పిల్లలు. పంచడానికి 450 వాటాలున్నాయనుకుందాం. శుద్ధ తలసరిలో చిన్న బడికి 38, పెద్ద బడికి 412. బడికింత లెక్కలో చెరి 225. ఇప్పుడు ఒక్కో బడికీ 60 వాటాలు ముందే పక్కన పెట్టి, మిగిలిన 330ని తలకు సమానంగా పంచండి. చిన్న బడికి 88 వస్తాయి, పెద్ద బడికి 362. పెద్ద బడికి తగ్గింది 12 శాతం. చిన్న బడికి వచ్చింది రెండింతల పైనే. పెద్ద బడి ఆ 12 శాతాన్ని కష్టపడైనా సర్దుకుంటుంది, చిన్న బడి మాత్రం ఈ తేడాతోనే బతికిపోతుంది. ఈ ఒక్క ఉదాహరణ కమిటీలో బోర్డు మీద వేసి చూపిస్తే సగం వాదన అక్కడికక్కడే తెగిపోతుందని నా నమ్మకం.

ఇంగ్లండు 2018లో తెచ్చిన జాతీయ ఫార్ములాలో ప్రతి బడికీ 1,10,000 పౌండ్లు మూలమొత్తంగా పెట్టింది. అక్కడ బడి బడ్జెట్‌లో జీతాలూ కలిసి ఉంటాయి కాబట్టి ఆ అంకెను మన లెక్కతో పోల్చకూడదు, పద్ధతిని మాత్రం పోల్చవచ్చు. ఇండోనేషియా ఇదే పనిని ఇంకో దారిలో చేసింది. 2005లో మొదలైన వాళ్ల నిర్వహణ గ్రాంటు తలసరిదే. కానీ మారుమూల చిన్న బడుల్లో 60 మందికి తక్కువ ఉన్నా 60 మంది ఉన్నట్టే లెక్కగట్టి ఇచ్చారు. చేతికి వచ్చేది మూలమొత్తమే, పేరు వేరు.

మూలమొత్తం ఎంత ఉండాలన్నది ఊహించి పెట్టకండి. మూడు నాలుగు చిన్న బడుల క్యాష్ బుక్కులు ముందు పెట్టుకోండి. ఒక్కో పద్దు దగ్గర ఒకే ప్రశ్న: రేపు పిల్లల్లో సగం మంది వెళ్లిపోతే ఇది తగ్గుతుందా? కరెంటు మీటరు కనీస చార్జీ తగ్గదు. ఇంటర్నెట్ బిల్లు తగ్గదు. ఊడ్చే మనిషికిచ్చే డబ్బు తగ్గదు, వరండా అంతే ఉంది కాబట్టి. వానాకాలం ముందు పైకప్పు మీద ఆకులు తీయించే కూలి తగ్గదు. రిజిస్టర్లు పెద్దగా తగ్గవు, ఎందుకంటే ఐదుగురున్నా ఐదు తరగతులుంటే ఐదు హాజరు పట్టీలు కావాలి. తగ్గని పద్దులన్నీ కూడితే వచ్చేదే మూలమొత్తం. నేను ఇలా కూడిన ప్రతిసారీ మొదట అనుకున్నదానికంటే ఎక్కువే వచ్చింది.

దీనిలోనూ ఒక లొసుగుంది. బడికి మూలమొత్తం వస్తుందంటే ఒకే ఆవరణలో ఒక బడిని రెండు చేసి రెండు మూలమొత్తాలు తీసుకునే తెలివితేటలు పుడతాయి. పక్కపక్కనే ఉన్న రెండు బడులు కలవడానికి ఇష్టపడవు. అందుకని దూరాన్ని షరతుగా పెట్టాలి. ఇంకో బడి నడిచివెళ్లే దూరంలో లేని చిన్న బడికి పూర్తి మూలమొత్తం, ఉన్నదానికి కొంత తక్కువ. ఇంగ్లండు ఫార్ములాలో దూరాన ఉన్న చిన్న బడులకు అదనంగా ఒక అంశం ఉన్నది అందుకే.

బరువులు కలపాలా?

కొందరు పిల్లలకు ఖర్చు ఎక్కువవుతుంది, వాళ్లను ఒకటికి బదులు ఒకటిన్నరగా లెక్కించాలన్నది ఈ ఆలోచన. నెదర్లాండ్స్ 1985లోనే మొదలుపెట్టింది. చదువు తక్కువున్న స్థానిక తల్లిదండ్రుల పిల్లలకు 0.25, వలస కుటుంబాల పిల్లలకు 0.9 అదనం. కాలిఫోర్నియా 2013లో పేద పిల్లలకు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలకు, పెంపకపు ఇళ్లలో ఉన్న పిల్లలకు 20 శాతం అదనం పెట్టింది. ఇంగ్లండులో 2011 నుంచి పేద పిల్లల పేరున ప్యూపిల్ ప్రీమియం అనే అదనపు గ్రాంటు ఉంది. చిలీ 2008లో ఇలాంటి అదనపు సబ్సిడీ తెచ్చింది. దక్షిణాఫ్రికా పిల్లవాణ్ని కాకుండా బడి ఉన్న ప్రాంతపు పేదరికాన్ని చూసి బడులను ఐదు వర్గాలుగా విడదీస్తుంది.

సూత్రంగా నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ దేశాల్లో ఎక్కువచోట్ల ఆ డబ్బులో టీచర్ల జీతాలూ ఉన్నాయి, వెనకబడిన పిల్లలకు అదనపు టీచరును పెట్టుకోవడానికి బరువు పనికొస్తుంది. మనం మాట్లాడుతున్నది ఫినాయిలు, కరెంటు గురించి. పేద పిల్లవాడికి ఫ్యాను ఎక్కువ తిరగదు. నిర్వహణ గ్రాంటులో బరువు అన్నది నిజంగా నిర్వహణ ఖర్చు పెరిగే చోట చాలు: దివ్యాంగులైన పిల్లలుంటే ర్యాంపు, సామగ్రి మరమ్మతు, హాస్టలు ఉంటే నీళ్లు, కరెంటు, రోడ్డు సరిగా లేని చోట సామాను మోసుకెళ్లే ఖర్చు. ఒక మినహాయింపు ఒప్పుకుంటాను. గ్రాంటు చాలనప్పుడు బడి తల్లిదండ్రుల్ని చందా అడుగుతుంది. పేదల బడికి అలా అడిగే వీలుండదు. ఆ తేడాను పూడ్చడానికి ప్రాంతాన్ని బట్టి కొంత కలపడం న్యాయమే. బరువులు మూడు దాటితే మాత్రం ఫార్ములా ఎవరికీ అర్థం కాదు. అర్థం కాని లెక్కను నిలదీసేవాళ్లుండరు.

ఫలితాలకింత, వోచరు

ఈ రెండింటి గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి క్లుప్తంగా.

పరీక్ష పాసైతేనే డబ్బు అన్నది కొత్త ఆలోచన కాదు. ఇంగ్లండులో 1862లో విద్య బాధ్యత చూసిన రాబర్ట్ లో (Lowe) అనే నాయకుడు తెచ్చిన నిబంధనల్లో పిల్లవాడికి 12 షిల్లింగులు అయితే, 4 షిల్లింగులు హాజరుకు, 8 షిల్లింగులు చదవడం, రాయడం, లెక్కల్లో పాసైతేనే. పిల్లలు పాఠం మొత్తం బట్టీపట్టి, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నా అప్పజెప్పగలిగే స్థితికి వచ్చారన్న మాటలు ఆ కాలం నుంచే వినిపిస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీలోనూ ఫలితాల గ్రాంట్లు నడిచాయి. ఇంగ్లండు 1890లలో దాన్ని వదిలించుకుంది. నీళ్ల ట్యాంకు కడిగించే డబ్బును పరీక్ష మార్కులకు ముడిపెట్టకండి.

వోచరు అంటే తలసరి డబ్బు తల్లిదండ్రులు ఎంచుకున్న బడికి, అది ప్రైవేటుదైనా సరే, వెళ్లడం. చిలీ 1981 నుంచి నడిపింది. అక్కడ పిల్లలు ఆర్థిక స్థితిని బట్టి వేరువేరు బడులకు చీలిపోవడం పెద్ద చర్చ అయి, 2015లో చట్టం మార్చాల్సి వచ్చింది. మంచిచెడ్డలు ఎలా ఉన్నా, అది బడిని ఎంచుకునే విధానం గురించిన తగువు. చుట్టుపక్కల ఒకే బడి ఉన్నచోట దానికి అర్థమే లేదు.

డబ్బా, సామానా? దేనికి ఖర్చు?

లెక్క ఏదైనా, తర్వాత వచ్చే ప్రశ్న ఇది. దక్షిణాఫ్రికాలో 1996 నాటి బడుల చట్టం 21వ సెక్షన్ కింద ఖాతాలు నడపగల బడులు తమ డబ్బు తామే ఖర్చు పెట్టుకుంటాయి. ఆ స్తోమత లేని బడులకు శాఖే సామాను కొనిస్తుంది. ఈ విభజన నాకు నచ్చింది, ఎందుకంటే అన్ని బడులకూ ఒకే మందు వేయలేదు. మామూలుగా అయితే డబ్బే మేలు. పైనుంచి సామాను కొనిపంపే చోట ఏం వస్తుందో మనకు తెలుసు: అడిగింది కుళాయి, వచ్చింది గ్లోబు.

దేనికి ఖర్చు పెట్టాలన్నదాని మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ, జాంబియాలోనూ చేసిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. బడికి గ్రాంటు వస్తుందని ముందే తెలియనప్పుడు పిల్లల మార్కులు కొంత పెరిగాయి. వస్తుందని తెలిసిన తర్వాత మాత్రం పెరగలేదు. కారణం, ఆ డబ్బుతో బడి పుస్తకాలు, స్టేషనరీ ఇస్తుందని తెలిసిన తల్లిదండ్రులు తాము కొనడం తగ్గించుకున్నారు. అది తల్లిదండ్రుల తప్పు కాదు. ఆ ఇంట్లో మిగిలిన డబ్బు ఇంకో అవసరానికి పోయింది, అంతే. నాకు ఇందులో కనిపించేది ఇది: ఏ ఇల్లూ ఒంటరిగా కొనలేని వాటికి ముందు ఖర్చు పెట్టండి. నోటుబుక్కును ఏ ఇల్లైనా కొనగలదు, తరగతి గదిలో వెలుతురును కొనలేదు. మరుగుదొడ్డికి నీటి పైపు కొనలేదు.

గ్రాంటు ఒక్కదానితో చదువు బాగుపడుతుందని మాత్రం ఎవరికీ మాట ఇవ్వకండి. టాంజానియాలో 350 బడుల్లో రెండేళ్ల పాటు జరిపిన ప్రయోగంలో గ్రాంటు మాత్రమే ఇచ్చిన బడుల్లో పిల్లల ఫలితాలు మారలేదు, గ్రాంటుతో పాటు టీచర్లకు ప్రోత్సాహకం కూడా ఇచ్చిన చోట మారాయి. నిర్వహణ గ్రాంటు అన్నది బడి తెరిచి ఉండడానికి, పిల్లలు అందులో కూర్చోగలగడానికి. మార్కులు పెరగలేదని దాన్ని కోసేయడం, పిల్లవాడు ఫస్టు రాలేదని చెప్పులు లాక్కున్నట్టు ఉంటుంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

మీ పరిధిలోని బడులన్నీ వంద అటూఇటుగా ఉంటే, బడికింత సరిపోతుంది, ఫార్ములాల జోలికి పోకండి. నాలుగైదు బడులున్న ట్రస్టుకు కూడా అంతే. బడుల్ని కూర్చోబెట్టి క్యాష్ బుక్కులు చూసి సర్దుకోవచ్చు. బడులన్నీ పెద్దవై, పిల్లలు ఏటా పెరుగుతున్న పట్టణ ప్రాంతమైతే శుద్ధ తలసరి కూడా నడుస్తుంది. పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్న చోట, అంటే దాదాపు ప్రతిచోటా, మూలమొత్తం కలిపిన తలసరికే నా ఓటు. స్లాబులు ఇప్పటికే ఉండి, మార్చడం మీ చేతిలో లేకపోతే, కనీసం పొడుగు స్లాబును రెండుగా విడగొట్టమనీ, గీత దాటిన మేరకే రేటు మార్చమనీ అడగండి. బరువులు, ఆ తర్వాతే.

రేటు ఎంత పెట్టినా ధరలతో పాటు దాన్ని సవరించే నిబంధన అదే ఉత్తర్వులో ఉండాలి. కెన్యాలో ఆ 1,020 షిల్లింగులు ఏళ్ల తరబడి అక్కడే ఆగిపోయాయి, ధరలు ఆగలేదు. ఆ తేడాను బడులు మళ్లీ తల్లిదండ్రుల దగ్గర ఏదో ఒక పేరుతో వసూలు చేసుకోవాల్సి వస్తుంది. ఎత్తేశామన్న ఫీజు దొడ్డిదారిన తిరిగి వస్తుంది.

ఇక తేదీ. నేను లెక్కలు చూసిన ఒక బడిలో ఒక ఏడాది గ్రాంటు ఆర్థిక సంవత్సరం ముగియడానికి 12 రోజుల ముందు ఖాతాలో పడింది. ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుంది, యూసీ (డబ్బు ఖర్చు చేసినట్టు ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వకపోతే వచ్చే ఏడాదిది రాదు. ఆ 12 రోజుల్లో దొరికే పని సున్నం వేయించడమే కాబట్టి అదే చేశారు. అంతకుముందు ఏడాదే వేయించిన గోడలు మళ్లీ తెల్లబడ్డాయి. జూన్‌లో బడి తెరిచేసరికి సుద్దముక్కల పెట్టె హెచ్‌ఎం అప్పు మీద తెచ్చారు. ఆ బడికి తలసరి అయితేనేం, స్లాబు అయితేనేం. మొదటి వాయిదా బడి తెరిచే నెలలో పడేలా ఉత్తర్వులో రాయించగలిగితే అది రేటును పది శాతం పెంచడం కంటే మేలు.

వచ్చే డబ్బు బడిదాకా చేరడం ఇంకో సంగతి. ఉగాండాలో 1991 నుంచి 1995 మధ్య 250 బడుల లెక్కలు తీస్తే, జీతాలు కాక తలసరిగా ఇచ్చిన డబ్బులో సగటున 13 శాతమే బడులకు చేరిందని తేలింది. మిగతాది జిల్లా స్థాయిలోనే ఆగిపోయింది. చాలా బడులకు తమకు అలాంటి డబ్బు రావాలన్న సంగతే తెలియదు. తర్వాత ప్రభుత్వం ఏ జిల్లాకు ఎంత పంపిందో పత్రికల్లో వేయించింది, బడుల్లో నోటీసు అంటించమంది. 2001 నాటికి చేరేది 80 శాతం దాటింది. పత్రికలే కారణమా, అప్పుడే జరిగిన మిగతా మార్పులు కూడానా అని పరిశోధకులు తర్వాత వాదించుకున్నారు. ఏదైనా, నోటీసు అంటించడానికి పెద్దగా ఖర్చు లేదు.

మీ కమిటీ ఏ ఫార్ములా ఎంచుకున్నా, హెచ్‌ఎం గది బయట గోడ మీద నాలుగు గీతలు గీయించండి. ఏ తేదీన ఎంతమంది పిల్లల్ని లెక్కించారు. ఆ లెక్కన ఎంత రావాలి. ఎంత వచ్చింది, ఏ రోజు. ఎంత మిగిలింది. నాలుగో గీతలో అంకె సుద్దముక్కతో రాయాలి, నెలనెలా చెరిపి రాసేది కాబట్టి.